పదిహేడో గడి

దేవరకొండ రోడ్డు మీద కాంటా నాది.
నాది అంటే కంపెనీది.
కుర్చీ మాత్రం నాదే,
కాలు విరిగితే నేనే తాడు కట్టుకున్న.

మాఘం నడిమిట్ల పత్తి కట్టె వస్తది.
ట్రాక్టరు కంటె ముందు చప్పుడు వస్తది,
ఎండిన కాయల గలగల.
ఏరంగ మిగిలిన దూది అక్కడక్కడ,
మబ్బు చినిగి కొమ్మలకు తట్టుకున్నట్టు.

తూకం, రెండు టన్నుల అరవై కిలోలు.
తడి, మీటరు గుచ్చితే పదమూడు.
గక్కడిదాంక నాకు చేతనైన లెక్క.

ఆ తర్వాత కాయితం.
కట్టె ఏ ఊరిది, ఏ సర్వే నంబరుది,
కొట్టింది చేన్లనా, అడవిలనా,
నేలకు ఎంత ఇడిసిండ్రు,
పక్షి గూడు ఉండెనా.
ఇరవై రెండు గడులు.
అన్నీ నిండితే ఆకుపచ్చ ముద్ర,
ముద్ర పడితే బాయిలరుకు సబ్సిడీ,
సబ్సిడీ పడితే నాకు జీతం.

గూడు కాడ ఎప్పుడూ 'లేదు' అనే రాస్త.
ఒక్కసారి ఉండె.
తొట్టి మూలకు, గుప్పెడంత, గుడ్లు లేనిది.
ఆ దినం కూడ 'లేదు' అనే రాసిన.

ఇంకోసారి కట్టె కింద వేప మొద్దు దొరికింది,
నరికిన దిక్కు ఇంక పచ్చిగనే ఉంది.
'గాలికి పడ్డదన్నా' అన్నడు హర్యా, స్టీరింగు ఇడవకుండ.
గాలికి గొడ్డలి ఉంటదని నాకు అప్పుడే ఎరుక.
వాపస్ పంపిన.
రాత్రి ఏ ఇటుకబట్టీకి పోయిందో అడగలే.

ఫిబ్రవరిల ఆడిటర్ వచ్చింది, సుచరిత మేడం.
మంచి మనిషి, చాయ్ గ్లాసు తనే కడిగి పెట్టింది.
'కాయితాలు చాలు, ఒక చేను చూపించు' అన్నది.
బండి మీద ఎర్రగుంటపల్లి తీస్కపోయిన.

ఈదమ్మ కట్టె పీకుతుంది.
ఇనుప కొక్కెం మొదట్లకు దూర్చి
నడుం మొత్తం ఎనుకకు వాల్చి, ఒక్క గుంజు.
వేరు తెగుతుంటే నేల పలికేది మేడం కూడ ఇన్నది.

పదిహేడో గడి చదివింది మేడం.
ఈ సరుకు వ్యర్థమా? అవును, కాదు.
'అమ్మా, ఇది మీకు పనికిరానిదే గదా?'

ఈదమ్మ పీకుడు ఆపలే.
'పనికిరానిదా?
పోయినేడు దాంక నా పొయ్యిల మంట ఇదే.
కోళ్ళకు దడి ఇదే, బీరతీగకు నిచ్చెన ఇదే.
కోడలు బాలింతగున్నప్పుడు
పదకొండు దినాలు దీంతోనే నీళ్ళు కాచిన.'

'మరి ఎందుకు అమ్ముతున్నరు?'

'టన్నుకు పన్నెండు వందలు ఇస్తిరి గద బిడ్డా.
కట్టె అమ్మి గ్యాసు కొంటున్న.'

అని, నవ్వింది.
మేడం నవ్వలే.
గడి పక్కన జాగ కోసం చూసింది,
కాయితం తిప్పి చూసింది.
ఎనుక దిక్కు కంపెనీ చిరునామా ఉంది, అంతే.

మేం బండి ఎక్కంగ చూసిన,
ఒక మోపు గట్టు మీద ఏరుగా పెట్టి ఉంది,
పాత చీర పేలికతోటి కట్టి.
'అది?' అన్న.
'అది కాంటకు రాదు' అన్నది ఈదమ్మ.

దారి పొడుగునా మేడం మాట్లాడలే.
చింతపల్లి మూల మలుపు కాడ మాత్రం,
'సిలిండర్ ఎంత ఇక్కడ?' అన్నది.
చెప్పిన.

మార్చిల ముద్ర వచ్చింది, ఆకుపచ్చది, గుండ్రంగ.
గేటుకు దండ కట్టిండ్రు, లడ్డూలు పంచిండ్రు.
పదిహేడో గడిల ఆమె ఏం రాసిందో
నాకెవ్వరూ చూపలే.

ఇయ్యాల హర్యా లోడు తెచ్చిండు.
తూకం రాసిన. తడి రాసిన.
గూడు కాడ ఈసారి కుర్చీ దిగి,
తొట్టి సుట్టు తిరిగి చూసి రాసిన.
పదిహేడు కాడికి వచ్చేసరికి
పెన్ను మూతికి సిరా ఆరిపోయింది.
ఊదిన, గీకిన.

ఎనుక ఇంకో ట్రాక్టరు హారన్ కొడుతుంది.
దాని ఎనుక ఇంకోటి.